సమస్య: పైకి నెక్కఁగ దిగవలెఁ బాంథుఁ డెపుడు

నిర్వాహకుడు: ఇది తేటగీతి అనే నాలుగు పాదాల పద్యంలో నాలుగో పాదం. పై–బాం యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదిరే అక్షరం. పాంథుడంటే బాటసారి. ఎక్కడానికి దిగాలనడంలో విరోధం ఎలా పోతుందో మిగతా మూడు పాదాల్లో తేల్చండి. కొండ అంటే జీవితమనే పూరణలు వద్దు, అవి చాలా చూశాం. నిజమైన కొండే కావాలి.

కొండగాలి:
మూడువేల మీటరు లెత్తు మొదలు గాఁగ
పగలు పైపైకిఁ బోయియుఁ బడక చోటు
దిగువ నుంచినఁ దలనొప్పి తీరుఁ గాన
పైకి నెక్కఁగ దిగవలెఁ బాంథుఁ డెపుడు

నిర్వాహకుడు: గణాలు (అక్షరాల కొలతలు), యతులు సరిగా ఉన్నాయి. చిక్కల్లా ‘తీరుఁ గాన’ దగ్గరే. ఎత్తు వల్ల వచ్చే ఆ నొప్పి మొదలయ్యాక పగలు కూడా పైకి పోకూడదు. అక్కడే ఆగాలి, తగ్గకపోతే దిగాలి. నడక తడబడినా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా తెల్లారేదాకా చూడకుండా కిందికి దింపాలి. మీరు చెప్పిన పద్ధతి నొప్పి రాకుండా చూసుకోవడానికి.

కొండగాలి: నిజమేనండి. మూడో పాదం మార్చాను: ‘దిగువ నుంచుటె తలనొప్పి దిగులు మాన్పు’.

మేఘమాల: ఇప్పుడు బాగుంది. 3000 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు 70 శాతమే. నిద్రలో ఊపిరి ఇంకా మందగిస్తుంది, అందుకే లెక్కంతా పడకతోనే. ఆపైన పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలి.

మేఘమాల:
శిఖర మిదె యని వడివడిఁ జేరుకొనఁగ
నిక్క మగు కొమ్ము వెనుకను నిలిచి నవ్వు
నడుమ లోయను దాటక నడువఁ దరమె
పైకి నెక్కఁగ దిగవలెఁ బాంథుఁ డెపుడు

నిర్వాహకుడు: రెండో పాదం హాయిగా ఉంది. అయితే రెండు కొమ్ముల మధ్య పల్లాన్ని లోయ అనరు, కనుమ అంటారు. ‘నడుమ కనుమను దాటక’ అంటే గణం కూడా చెడదు.

పాదచారి: ఈ కనుమే సమయం లెక్కను తారుమారు చేస్తుంది. బయల్దేరిన చోటు 1200 మీటర్లు, శిఖరం 1800 అయితే ఎక్కుడు 600 అనుకుంటాం. నడుమ 150 దిగితే మొత్తం 750. తిరుగు దారిలో ఆ 150 మళ్ళీ ఎక్కాలి, అదీ కాళ్ళు అలిసిపోయాక. 1892లో నేస్మిత్ అనే పర్వతారోహకుడు ఇచ్చిన నడక లెక్క ప్రకారం 5 కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. విశ్రాంతి ఇందులో కలవదు. పటంలో సమోన్నత రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) రెండు చోట్ల విడివిడిగా చుట్టు తిరిగి మూసుకుంటే మధ్యలో కనుమ ఉన్నట్టే.

పాదచారి:
దారి తప్పినఁ దెలిసిన తావు వఱకు
వెనుకఁ దిరుగుట మేలగు వేగిరముగ
నిట్టనిలువునఁ బ్రాకిన నిలుచు నడక
పైకి నెక్కఁగ దిగవలెఁ బాంథుఁ డెపుడు

కొండగాలి: ‘వేగిరముగ’ యతి కోసం వచ్చిన మాటలా ఉంది. దారి తప్పినవాడికి చేటు తెచ్చేదే ఆ వేగిరం. ముందు ఆగాలి, పటం తీయాలి, చివరిసారి గుర్తు ఎక్కడ కనబడిందో తలచుకోవాలి. ‘వేచి చూచి’ అంటే అర్థమూ యతీ రెండూ నిలుస్తాయి. మూడో పాదానికి మాత్రం వంద మార్కులు. రాతి మీద పైకి పాకేటప్పుడు చేతిపట్టు కళ్ళ ముందే ఉంటుంది. దిగేటప్పుడు కాలు ఎక్కడ పెట్టాలో కనబడదు. ఎక్కగలిగిన చోటు నుంచి దిగలేక ఇరుక్కునేది అందుకే.

చిరుజల్లు:
బాట ముగిసెను బండికిఁ బాదములకు
మొదలు నిచ్చటె దారియు మూటఁ దాల్చి
సీటు వదలక కూర్చున్న శిఖర మేది
పైకి నెక్కఁగ దిగవలెఁ బాంథుఁ డెపుడు

నిర్వాహకుడు: భలే తప్పించుకున్నారు! కానీ ‘మొదలు నిచ్చటె’లో నకారం ఎక్కడిది? ‘మొదలిచ్చటె’ కావాలి, అలా అంటే గణం చెడుతుంది. ‘మొదలు గాఁగల దారికి’ అని చూడండి.

మేఘమాల: వీపు మూటను బండి దిగాకే తగిలించుకోవాలండి. ముందు నడుము పట్టీ తుంటి ఎముకల మీద బిగించి, ఆ తర్వాత భుజాల పట్టీలు లాగాలి. తారుమారైతే బరువంతా భుజాల మీదే పడుతుంది.

పాదచారి: ఇంకొక్క సందేహం. సమస్యలో ‘ఎపుడు’ ఉంది కదా. ఊరి నుంచే నడిచొచ్చినవాడు ఏం దిగాలి?

చిరుజల్లు: అరుగు దిగాలి.