ముక్కు ఒక పూట ఎడమ, ఒక పూట కుడి మూసుకుపోతోంది, ఆపరేషన్ అవసరమా?

మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా తమ్ముడికి ఏడాదిగా ముక్కు దిబ్బడ, రాత్రుళ్లు నోటితోనే ఊపిరి. స్కాన్ చూసిన డాక్టరు సెప్టం, అంటే ముందు మృదులాస్థి, వెనక ఎముక ఉండే మధ్యగోడ, ఎడమకి వంగిందని సర్జరీ చేయించుకోమన్నారు. కానీ వాడికి వైపు మారుతూ ఉంటుంది, గోడ వంకర అలా మారదు కదా! రెండు పక్కలా మూడేసి టర్బినేట్లు, అంటే ముక్కు లోపల పక్కగోడల మీద మెత్తటి పొర కప్పిన ఎముక మడతలు, ఉంటాయని, ముఖ్యంగా కిందివి కొన్ని గంటలకోసారి వంతులవారీగా ఉబ్బి తగ్గడం మామూలేనని చదివాను. మరి ఈ ఊరి దుమ్ము, పుప్పొడి అలర్జీతో అవే బాగా వాచి ఉంటే గోడ ఒక్కటే సరిచేస్తే సరిపోతుందా? మీలో ఎవరికైనా ముందు కొన్ని వారాలు స్ప్రే వాడమన్నారా? చేయించుకున్నవాళ్లు ప్లీజ్ చెప్పండి, అమ్మ చాలా టెన్షన్ పడుతోంది.