అప్‌డేట్: అక్కకి ఆగని బ్లీడింగ్, స్కానింగ్ రిపోర్ట్ వచ్చింది

పోయిన నెల అడిగాను కదా, గాజువాకలో ఉండే మా అక్కకి 42 ఏళ్లు, నెలసరి పది రోజులైనా ఆగట్లేదు, రక్తం గడ్డలుగా పడుతోంది, ఇదంతా వయసు వల్లేనా అని. కాదు. స్కానింగ్‌లో గర్భసంచిలో 6 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ (గర్భసంచి కండరంలో పెరిగే గడ్డ) కనిపించింది.

గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తుంటే ఇంక ఆగకూడదు, వెంటనే చూపించండి అని మీలో ఇద్దరు గట్టిగా చెప్పారు, వాళ్లకి చాలా థాంక్స్, ఎందుకంటే హిమోగ్లోబిన్ 7.2కి పడిపోయింది, ఆడవాళ్లకి కనీసం 12 ఉండాలి. అంతకుముందు సింహాచలం మెట్లెక్కుతూ సగంలోనే ఆయాసంతో కూర్చుండిపోతే బరువు పెరిగావే అన్నాను, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది. మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్తుంటే షుగరేమో అనుకున్నాం, అది గడ్డ మూత్రసంచిని నొక్కడం వల్లట.

క్యాన్సర్ టెన్షన్ మాత్రం తగ్గింది, ఫైబ్రాయిడ్ క్యాన్సర్ కావడం చాలా అరుదు అని డాక్టరమ్మ చెప్పారు. మొదట చూపించిన చోట గర్భసంచే తీసేయాలన్నారు, ఈవిడేమో ముందు రక్తం పెంచుదాం, తర్వాత గడ్డ వరకే తీయగలమేమో చూద్దాం అన్నారు, అక్కకి అదే నచ్చింది. ఐరన్ సెలైన్‌లో ఎక్కిస్తున్నారు, రెండో డోసు మంగళవారం.