కిజాఎమోన్ గిన్నె ఘనత ఎవరిది: చేసిన కుమ్మరిదా, ఎంచుకున్న టీ గురువులదా?

సారెచక్రం:
జపాన్‌లో క్యోటోలోని దైతొకుజి అనే బౌద్ధాలయ సముదాయంలో, కొహోఅన్ అనే చిన్న ఆలయంలో ఉన్న టీ గిన్నె ఇది. 16వ శతాబ్దంలో కొరియాలో ఊరూ పేరూ తెలియని కుమ్మరి చేశాడు. జపాన్ 1951లో జాతీయ నిధిగా ప్రకటించింది. దీన్ని కొందరు 'జపాన్ పనితనం' అని పొగుడుతుంటే ఒళ్లు మండుతోంది. జపాన్ చేసిందల్లా కొని, పెట్టెలో దాచి, పేరు పెట్టడం. ఆ పేరు కూడా ఒసాకా వర్తకుడిది. దాచుకున్నవారికి కురుపులు లేస్తాయన్న పుకారు ఊరికే పుట్టిందా!

పాతపింగాణి:
కురుపుల సంగతి వదిలేయండి. ఆ కుమ్మరి దాన్ని టీ కోసం చేయలేదు. అన్నం గిన్నె అని కొందరు, పూజా పాత్ర అని కొందరు అంటారు. ఏదైనా, అలాంటి మామూలు గిన్నెల కుప్పలోంచి దీన్ని పట్టుకున్న కన్ను జపాన్ టీ వేడుక నడిపే గురువులది. ఎంచడం కూడా పనితనమే.

సారెచక్రం:
మరి చేతిని ఏమంటారు? అడుగు భాగం ఫొటో చూడండి. గాజులాంటి పూత (గ్లేజు) పూసలు పూసలుగా ముడుచుకుపోయింది.

పాతపింగాణి:
అది పూత లోపం. కావాలని చేసింది కాదు.

చేతిమట్టి:
నేను సారె మీద పనిచేస్తాను కాబట్టి ఒక మాట. ఇసుక పాలు ఎక్కువున్న మట్టిని సగం ఆరాక చెక్కితే పైపొర చిరిగి గరుకవుతుంది. అక్కడ పూత సరిగా పట్టదు, బట్టీలో ముడుచుకుని పూసలు కడుతుంది. దాన్నే కైరాగి అంటారు. కావాలని చేసి ఉండకపోవచ్చు, కానీ ఆ చెక్కుడులో తడబాటు కనబడదు. రెండు మూడు చుట్లలో ముగించి పక్కన పెట్టిన చెయ్యి అది.

కావాలని చేసిన మొరటుతనం చూడాలంటే టీ గురువు రిక్యూ కోసం జపాన్ కుమ్మరి చోజిరో చేసిన, రాకు అనే రకం నల్ల గిన్నెలు చూడండి. సారె లేదు. చేత్తో ఒత్తి, కత్తితో చెక్కి, పూత కరిగి ఎర్రగా కాగుతుండగానే పటకారుతో బయటికి లాగేవారు. ఒక్కసారిగా చల్లారడం వల్లే ఆ నలుపు. నాకు ఇదే ఎక్కువ ఇష్టం. అయినా కిజాఎమోన్‌ను తక్కువ చేయలేను.

నిధులపట్టీ:
జపాన్ జాతీయ నిధులైన టీ గిన్నెలు 8. అందులో 5 చైనావి, 1 కొరియాది (ఈ కిజాఎమోనే). జపాన్‌లో చేసినవి రెండే: ఉనోహనగకి అనే గిన్నె, హొన్‌అమి కోఎత్సు అనే కళాకారుడు చేసిన ఫుజిసాన్ అనే గిన్నె. పరాయి గిన్నెలకు ఇంత పెద్దపీట వేసిన దేశం ఘనతను కాజేసిందన్నట్టు మాట్లాడడం అన్యాయం.

సారెచక్రం:
గిన్నెల సంగతి సరే, మనుషుల సంగతో? 1592-98లో కొరియా మీద చేసిన దండయాత్రల్లో జపాన్ పాలకుడు హిదెయోషి సేనాధిపతులు కొరియా కుమ్మరులను పట్టుకెళ్లారు. కన్నే అంత గొప్పదైతే ఆ చేతులతో పనేముంది?

పాతపింగాణి:
ఆ దౌర్జన్యాన్ని నేను సమర్థించను. కానీ అలా దక్షిణ జపాన్‌లోని సత్సుమకు చేరిన కొరియా కుమ్మరుల షిమ్ వంశంలో 15వ తరం ఇప్పటికీ అక్కడే మట్టి పిసుకుతోంది. వాళ్లు చేసిన గిన్నెను మీరు ఏ దేశం ఖాతాలో వేస్తారు?