మైకు లేకుండా కచేరీ విన్నవారు ఉన్నారా?

పెన్నా ఒడ్డు (కడప)

కిందటి శనివారం మా వీధి గుడిలో గాత్ర కచేరీ జరిగింది. గాయని తోడి రాగం అందుకున్నారు. ఆలాపన సగంలో ఉండగా కరెంటు పోయింది. మైకులు, శ్రుతిపెట్టె, ఫ్యాన్లు అన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. ఆమె మాత్రం ఆపలేదు. వెనుక కూర్చున్న శిష్యురాలు తంబురా మీటుతూనే ఉంది. అంతవరకు అక్కడ తంబురా ఒకటి మోగుతోందన్న సంగతే మాకు తెలియదు.

చివర కూర్చున్న మేమంతా చప్పుడు చేయకుండా ముందుకు జరిగాం. వయొలిన్ వాయిస్తున్నాయన కమాను బరువు తగ్గించి ఆమె గొంతు వెంటే నడిచారు. తోడిలో గాంధారం, అంటే ‘గ’ స్వరం, ఊగుతుందని పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివాను. ఆ ఊపు ఎక్కడ మొదలై ఎక్కడ నిలుస్తుందో ఆ ఇరవై నిమిషాల్లో, దీపాల వెలుతురులో, మొదటిసారి నా చెవులకు అందింది. కరెంటు రాగానే జనం చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఎదురుగా కూర్చున్న మనిషి లేచి దూరంగా వెళ్లిపోయినట్టు అనిపించింది.

ముప్పై ఏళ్లుగా కచేరీలు వింటున్నాను. ఇన్నాళ్లూ నేను విన్నది స్పీకర్లనేనా అని బాధగా ఉంది. మీలో ఎవరికైనా ఇలాంటి అనుభవం ఉంటే చెప్పండి.

ఎడమచేతి నాదం (ప్రొద్దుటూరు)

నేను మృదంగం వాయిస్తాను. మీరు చెప్పింది వేదిక మీద కూర్చునే మాకు ఇంకా బాగా తెలుసు.

మృదంగానికి కుడివైపు శాశ్వతంగా నల్లటి పూత ఉంటుంది. ఎడమవైపు మాత్రం ప్రతి కచేరీకి ముందు బొంబాయి రవ్వ తడిపి ముద్దగా అంటిస్తాం. గుమ్మని లోతుగా వచ్చే నాదమంతా ఆ ముద్ద చలవే. అది ఎండితే నాదం పలచబడుతుంది. మన ఎండల్లో, పైన ఫ్యాను తిరుగుతుంటే, గంట గడవకముందే అంచులు బిగుసుకుంటాయి. అందుకే పక్కన చిన్న గిన్నెలో నీళ్లు పెట్టుకుంటాను. కృతికీ కృతికీ మధ్య వేలు తడిపి సరిచేసుకుంటాను. కుడివైపు శ్రుతి తప్పితే రాయితో అంచు మీద మెల్లగా తట్టి కలుపుకోవాలి. ఇంత శ్రమపడి తెచ్చుకున్న నాదం స్పీకరులో పడగానే ఒకటే మోత అవుతుంది. అరచేతి దెబ్బకూ వేలి కొస దెబ్బకూ తేడా ఉండదు.

ఇందులో మా తప్పు కూడా ఉంది. గాయకుడు తన గొంతు తనకు వినబడలేదని మైకు పెంచమంటారు, వయొలిన్ ఆయన తనదీ పెంచమంటారు, చివరికి నేనూ చెయ్యి ఎత్తి సైగ చేస్తాను. ఒకసారి ఒక కల్యాణమండపంలో నా తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) మొదలవగానే ముందు వరుసలో ఒక పెద్దావిడ చెవులు మూసుకున్నారు. మన జనానికి లయ మీద ఆసక్తి లేదని ఆ రోజు నొచ్చుకున్నాను. ఇంటికొచ్చి రికార్డింగు విన్నాక ఆవిడదే న్యాయమని ఒప్పుకున్నాను. అప్పటి నుంచి మైకును జానెడు వెనక్కి జరిపించి గానీ కూర్చోవడం లేదు.

చివరి వరుస (అనంతపురం)

ఒక మాట మైకు పక్షాన కూడా చెప్పాలి. మా నాన్నగారికి వినికిడి తక్కువ. లలిత కళాపరిషత్తులో చివరి వరుసలో కూర్చుని కూడా ఆయన పాట విని తల ఊపగలిగారంటే అది మైకు పుణ్యమే. వందల మంది వచ్చినచోట అది లేకుండా కుదరదు. పెట్టడం కాదు, పెంచడమే తప్పు.

ఇరవై నాలుగు మెట్లు (కర్నూలు)

వీణ సంగతి నేను చెబుతాను. అది ఎదురుగా ఉన్న నలుగురితో మాట్లాడే వాద్యం. తీగను పక్కకు లాగి గమకం, అంటే స్వరంలోని ఊపు, పలికించాక నాదం సన్నగా, చాలాసేపు సాగుతుంది. ఆ తోకలోనే రాగం ఉంటుంది. మా హాల్లో రెండు ఫ్యాన్లు తిరుగుతుంటే చాలు, ఆ తోక తెగిపోతుంది. అందుకని వీణకు మైకు తగిలిస్తారు. అప్పుడు మీటు మాత్రం టంగున వినబడుతుంది, తరువాతి నాదం మొద్దుబారుతుంది.

ఇక మా ఊరి ఎండలు. వీణ మెట్లు, అంటే తీగల కింద వరుసగా ఉండే లోహపు కడ్డీలు, మైనం మీద కూర్చుని ఉంటాయి. ఒక మే నెలలో మధ్యాహ్నం కచేరీకి ఒప్పుకున్నాను. వీణను కారులోనే ఉంచి భోజనానికి వెళ్లాం. తిరిగి వచ్చేసరికి మైనం మెత్తబడి మూడు మెట్లు పక్కకు ఒరిగాయి. ఆ రోజు పై స్థాయి జోలికి పోకుండా వాయించి, ఇంటికొచ్చి ఏడ్చాను. పిల్లలకు వీణ కొనిపెట్టిన తల్లిదండ్రులకు నా మనవి: పసిబిడ్డను ఎండలో కారులో వదలరు కదా, వీణనూ వదలకండి.

రథం వీధి (దేవుని కడప)

మైకు లేని కచేరీ కావాలంటే రథసప్తమికి మా వీధికి రండి. నాదస్వరం, డోలు ఆరుబయటికే పుట్టిన వాద్యాలు. రథం మలుపు తిరగకముందే సన్నాయి వినిపిస్తుంది. వాయించేవాళ్లు రథంతో పాటు నడుస్తారు కాబట్టి రాగం దూరం నుంచి దగ్గరికి వచ్చి, మన గడప ముందు కాసేపు నిలిచి, మళ్లీ దూరమవుతుంది. అన్నమయ్య కడపరాయడని పిలిచి పాడింది ఈ స్వామినే. ఆ పాటలు ఆయన పాడిన బాణీల్లోనే ఈ వీధిలో వినడం మా అదృష్టం.

చివరి వరుస (అనంతపురం)

మీ వీధి వర్ణన చదువుతుంటే రావాలనిపిస్తోంది. ఒక్క చిన్న సవరణ, అన్యథా భావించకండి. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద ప్రతి సంకీర్తనకూ రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. కాబట్టి అన్నమయ్య (1408–1503) నోట ఆ పాట ఎలా నడిచిందో రేకుల్లో దొరకదు. మనం నేడు వింటున్న బాణీలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి.

ఆ పని తలకెత్తుకున్న తొలి పెద్దల్లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మా జిల్లావారు. 1893లో రాళ్లపల్లిలో పుట్టారు. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించారు. తరువాత తిరుపతిలో కూర్చుని సంకీర్తనలకు స్వరాలు కట్టారు. మద్రాసు సంగీత అకాడమీ 1974లో ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. తెలుగు పద్యం, కర్ణాటక సంగీతం రెండూ చేతిలో ఉన్నవారు కనుకనే మాట విరగకుండా పాట నడిపించగలిగారని నా నమ్మకం. అనంతపురంలో ఈ సంగతి తెలియని సంగీతం పిల్లలు కనబడినప్పుడల్లా కష్టంగా ఉంటుంది.

రథం వీధి (దేవుని కడప)

ఎందుకు అనుకుంటానండీ. ఇన్నేళ్లూ నేను మరోలా అనుకున్నాను. మా మేనల్లుడికి ఈ రోజే చెబుతాను.

పెన్నా ఒడ్డు (కడప)

అందరి మాటలూ మా అమ్మకు చదివి వినిపించాను. ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. మా పెద్ద వరండాలో ముప్పై మంది దాకా కూర్చోవచ్చు. పుష్య బహుళ పంచమి, త్యాగరాజస్వామి ఆరాధన రోజు సాయంత్రం, ఒక్క మైకు కూడా లేకుండా వీణ కచేరీ పెట్టుకుందాం అంటోంది. అది చలికాలం కాబట్టి ఫ్యాన్ల బెడద ఉండదు, మైనమూ కరగదు. కర్నూలు అక్కగారు, మీరు ఒప్పుకుంటారా?

ఇరవై నాలుగు మెట్లు (కర్నూలు)

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. తప్పకుండా వస్తాను. ఒక శ్రీరాగ కృతి, తరువాత మీకోసం తోడి. ఆ రోజు మోటారు, మిక్సీ వేయవద్దని పక్కింటివారితో ముందే మాట్లాడి ఉంచండి. ఆలాపనలో అవి అడ్డొస్తే మళ్లీ అందుకోవడం కష్టం. ప్రొద్దుటూరు ఆయన వస్తే మృదంగానికి వేరే వెతకనక్కరలేదు.

ఎడమచేతి నాదం (ప్రొద్దుటూరు)

వస్తున్నాను. వీణ పక్కన ఎంత మెల్లగా వాయించాలో ఇప్పటి నుంచే సాధన మొదలుపెడతాను. రవ్వ నేనే తెచ్చుకుంటాను, నీళ్ల గిన్నె ఒకటి ఇప్పించండి చాలు.

చివరి వరుస (అనంతపురం)

మా నాన్నగారిని వీణకు రెండడుగుల దూరంలో కూర్చోబెట్టనిస్తే మేమిద్దరం పొద్దున బస్సుకే బయలుదేరుతాం.