84 బోల్టులు తప్పు సైజువి పెట్టినోడికి తెలీదా?

నరసన్నపేట ఫిట్టర్:
అందరికీ నమస్కారమండి. నాది నరసన్నపేట అవతల ఒక పల్లె. ముప్పై ఏళ్లుగా రైసుమిల్లుల్లో ఫిట్టర్ని. మా గుంటడు నేషనల్ జియోగ్రాఫిక్‌లో ఎయిర్ క్రాష్ ఇన్వెస్టిగేషన్ అని విమాన ప్రమాదాల సీరియల్ పెడతాడు, పక్కన కూచుని నేనూ చూస్తా. ఇంగ్లీషు సగమే అర్థమవుతాది, మిగతాది వాడు చెప్తాడు. ఇనుము సంగతొస్తే మాత్రం నాకెవరూ చెప్పక్కర్లేదు.

మొన్న చూసింది 1990 జూన్ 10 నాటిది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం, ఇంగ్లండు బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లో మలగా వెళ్లేది. లేచిన పదమూడు నిమిషాలకి 17,300 అడుగుల ఎత్తులో కెప్టెన్ ముందున్న అద్దం ఊడి ఎగిరిపోయింది. ఆయన సగం ఒళ్లు బయటికి పోతే, స్టీవార్డులు లోపల్నుంచి కాళ్లు పట్టుకుని ఆపేరు. కో పైలట్ ఒక్కడే సౌతాంప్టన్‌లో దింపాడు. 87 మందిలో ఒక్కరూ పోలేదు, ఆ కెప్టెన్ కూడా బతికాడు. సరే, నా డౌటు అది కాదు.

ఎగరడానికి 27 గంటల ముందు ఆ అద్దం మార్చేరట. 90 బోల్టుల్లో 84 సన్నవి, 0.66 మిల్లీమీటర్ల తేడా. మిగతా ఆరూ పొట్టివి. మార్చింది కొత్త కుర్రాడు కాదు, షిఫ్టు మేనేజరే. అన్ని బోల్టులు చేత్తో పట్టుకుని పెట్టినోడికి ఒక్కదాని దగ్గరైనా అనుమానం రాదా? ఏటి, సీరియల్ వాళ్లు డ్రామా కలిపేరా? మావాడైతే "కేర్‌లెస్ నాన్నా, అంతే" అనేశాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకో తరవాత రాస్తాను.

కంటోన్మెంట్ రిటైర్డ్:
డ్రామా కాదు ఫిట్టర్ గారూ. నేను హెలికాప్టర్ల మెయింటెనెన్స్‌లో పని చేసి, రిటైరై విజయనగరంలో ఉంటున్నాను. మా ట్రైనింగుల్లో ఈ కేసు తప్పకుండా వచ్చేది.

ఆ మేనేజరు చేసిన మొదటి పని మీరైనా చేస్తారు. ఊడదీసిన పాత బోల్టు చేతిలో పెట్టుకుని దాని జోడీ వెతికాడు. కేటలాగు తెరవలేదు. పాతది 7డి, నిజానికి ఉండాల్సింది 8డి (అంకె పొడవుకి, అక్షరం లావుకి). అంటే విప్పినవే తప్పు, అయినా అవి అంతకాలం నిలబడ్డాయి. అక్కడికీ స్టోర్సులో ఉన్నతను "దీనికి 8డి వాడతాం" అన్నాడు. ఈయన 7డి చాలనుకున్నాడు. అవి అక్కడ చాలినన్ని లేకపోతే వేరేచోటికి వెళ్లి, మసక వెలుతురులో సొరుగులు వెతికాడు. కళ్లజోడు పెట్టుకోలేదు. చేతికొచ్చినవి 8సి, అంటే సన్నవి.

ఇక బిగించేటప్పుడు. టార్కుకి, అంటే ఇంత బలంతోనే తిప్పాలని, సెట్ చేసిన స్క్రూడ్రైవరు, బిగువు చాలగానే టిక్కుమనాలి. సన్న బోల్టు మర జారినా చేతికి అలాగే తగులుతుంది. పైగా స్టాండు మీంచి బాగా వంగి బిగించాల్సొచ్చింది, చెయ్యి అడ్డమొచ్చి బోల్టు తల సరిగ్గా కనపడదు. కనపడి ఉంటే తల గుంటలో మరీ లోపలికి దిగిందని పట్టేసేవాడు. ఆ విమానంలో అద్దం బయటివైపు నుంచి పెట్టేది, లోపలి గాలి ఒత్తిడంతా బోల్టులే మోయాలి. రెండో మనిషి వచ్చి చూడాలన్న రూలు కూడా ఆ పనికి లేదు.

పలాస కుర్రోడు:
ఇదంతా కరెక్టే గానీ మాస్టారూ, కళ్లజోడు పెట్టుకోకపోవడాన్ని, కేటలాగు చూడకపోవడాన్ని కేర్‌లెస్ అనకపోతే ఇంకేటంటారు? నా ఓటు ఫిట్టర్ గారి అబ్బాయికే.

పెరూ దేశం విమానం ఏరోపెరూ 603 ఎపిసోడ్ చూడండి, 1996. విమానం కడిగేటప్పుడు స్టాటిక్ పోర్టులకి (ఎత్తూ స్పీడూ చూపే మీటర్లకి బయటి గాలి ఒత్తిడి అందించే కన్నాలకి) అంటించిన టేపు పీకడం మరిచిపోయారు. రాత్రిపూట, కింద సముద్రం, ఎంత ఎత్తులో ఉన్నారో ఎంత స్పీడులో ఉన్నారో పైలట్లకి తెలీదు. 70 మంది పోయారు. టేపు ముక్కండి!

కెనడా వాళ్లు 2003 నుంచి తీస్తున్నారు దీన్ని, అక్కడ పేరు మేడే. బాగుంటాది గానీ యాడ్ అయ్యాక చెప్పిందే మళ్లీ చెప్తారు, అదొక్కటే విసుగు. మా అమ్మకి చూపించడం ఇంకో తప్పు. వైజాగ్‌లో హైదరాబాద్ ఫ్లైటెక్కి, రెక్క మీద కనపడిన స్క్రూలన్నీ లెక్కపెట్టింది.

నరసన్నపేట ఫిట్టర్:
మాస్టారూ, మర జారినా చెయ్యికి టిక్కుమన్నట్టే ఉంటాదన్నారు చూడండి, ఆ ముక్క దగ్గర ఆగిపోయాను.

చెప్తానన్నాను కదా. అప్పుడు నేను వేరే మిల్లులో ఉన్నాను. సంక్రాంతి ముందు, ధాన్యం లారీలు రోడ్డు దాకా నిలబడ్డాయి. రాత్రి రెండింటికి ధాన్యం పైకెత్తే ఎలివేటర్ పైనున్న, ఇరుసుల్ని కలిపే కప్లింగ్ బోల్టులు తెగిపోయాయి. నిచ్చెనెక్కి, టార్చి నోట్లో పెట్టుకుని పని. బోల్టుల డబ్బా ఒకటే, అందులో పది ఎమ్మెమ్‌వీ మూడు సూతులవీ (సూతంటే అంగుళంలో ఎనిమిదో వంతు) కలిసిపోయి ఉన్నాయి. రెంటికీ అర మిల్లీమీటరు కూడా తేడా ఉండదు. మూడు సూతుల బోల్టుకి పది ఎమ్మెమ్ నట్టు ఎక్కిస్తే ఎక్కుతాది, బిగిసినట్టే ఉంటాది. సైజు పానా పట్టుకుంటే తల దగ్గరే దొరికిపోదును. నా చేతిలో ఉన్నది స్క్రూ పానా, అది దేనికైనా సరిపోతాది.

పొద్దున్న ఆరింటికి నట్లు మర కొరుక్కుని ఊడొచ్చేశాయి. బకెట్లతో, నిండా ధాన్యంతో బెల్టు వెనక్కి తిరిగి అడుగున బోర్డు బద్దలైంది. అక్కడ నిలబడాల్సిన కలాసీ బీడీ ముట్టించుకోడానికి గేటు దాకా వెళ్లాడు. అంతే తేడా.

ఓనరు అడిగింది ఒకటే, "ఎవడు బిగించాడు?" నేనే అన్నాను. ఎంక్వైరీ అయిపోయింది. రెండు సైజులు ఒకే డబ్బాలోకి ఎలగ వచ్చేయని ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు. సీరియల్ చూశాకే తోచింది. వాళ్లయితే డబ్బా దగ్గర్నుంచి మొదలెట్టుదురు.

కుర్రోడా, నువ్వన్నది కాదనను. కళ్లజోడు పెట్టుకోవాల్సిందే. నేనూ పానా మార్చాల్సిందే.

కంటోన్మెంట్ రిటైర్డ్:
ఇప్పుడు డబ్బా ఎలా ఉంది?

నరసన్నపేట ఫిట్టర్:
హార్లిక్స్ సీసాలు. ఎమ్మెమ్‌వి ఒక దాంట్లో, సూతులవి ఒక దాంట్లో, మూతలకి ఎర్ర పెయింటూ పచ్చ పెయింటూ. అయినా హెల్పరు గుంటడు నెలకోసారి కలిపేస్తాడు, నేను మళ్లీ ఏరుతాను.

పలాస కుర్రోడు:
మీ అబ్బాయికి ఈ మిల్లు సంగతి తెలుసా అండీ?

నరసన్నపేట ఫిట్టర్:
తెలీదు బాబూ. ఇందాకే ఈ లింకు వాట్సాప్‌లో పెట్టేను. పక్క గదిలోనే ఉన్నాడు. నీలం టిక్కులు పడ్డాయి.