విండోస్ 10 నుంచి 11కు ఇప్పుడే మారాలా, ఆగాలా?

మల్లేశ్వరం అనువాదకుడు:
మా డెస్క్‌టాప్‌కు కావలసిన విడిభాగాలన్నీ ఎస్పీ రోడ్డులో కొని, అక్కడే కట్టించుకున్నాం. ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. దీనికి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. తీరా 11కు మారదామని చూస్తే ఈ కంప్యూటరుకు అర్హత లేదని తెరమీద చూపిస్తోంది. నేను తెలుగు అనువాదాలు చేస్తాను, నా పాత ఫైళ్లలో కొన్ని యూనికోడ్ కాని అను ఫాంట్లలో, కొన్ని గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటులో ఉన్నాయి. మా ఆవిడ ఇంటి నుంచే రెండు కంపెనీల జీఎస్టీ రిటర్నులు దాఖలు చేస్తుంది కాబట్టి డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్ ఒక్క రోజు మొరాయించినా మాకు ఇబ్బందే. మారడం మంచిదా, ఆగడం మంచిదా, అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

వేళచ్చేరి టెస్టర్:
ఆగడమన్న ఆలోచనే వద్దండీ. నేను చాలా ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ పరీక్షల రంగంలోనే ఉన్నాను కాబట్టి గట్టిగా చెప్పగలను. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నక్రై వ్యాపించినప్పుడు దానికి విరుగుడైన ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదలై ఉంది. దాన్ని ఎక్కించుకోని కంప్యూటర్లే ప్రధానంగా దెబ్బతిన్నాయి. మద్దతు ముగిసిన విండోస్‌లో కొత్త లోపం బయటపడితే దానికి ప్యాచ్ అనేదే రాదు. బ్యాంకు లావాదేవీలు, జీఎస్టీ పనులు జరిగే కంప్యూటరును అలా వదిలేయడం తప్పు.

టి.నగర్ డీటీపీ:
భద్రత గురించి అందరూ చెబుతారు, ఫాంట్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. మేము చెన్నైలో తెలుగువారి పెళ్లికార్డులు, గృహప్రవేశాల ఆహ్వానాలు అచ్చువేస్తాం. ఒక సర్వీసు కుర్రాడు వచ్చి డిస్కు తుడిచి విండోస్ 11 ఎక్కించి వెళ్లాడు. మర్నాడు ముహూర్తం కార్డు ఫైలు తెరిస్తే గౌతమి స్థానంలో మరో ఫాంటు వచ్చి కూర్చుంది, వరుసలు కిందికి జారి, వధువు తల్లిదండ్రుల పేర్లు రెండో పేజీకి వెళ్లిపోయాయి. పెళ్లివారు ఎదురుగా కూర్చుని ఉన్నారు. తరువాత తెలిసిందేమిటంటే, గౌతమి, వాణి ఫాంట్లు ఇప్పుడు విండోస్‌తో పాటు నేరుగా రావు. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కు వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్‌ను విడిగా చేర్చుకోవాలి. అను ఫాంట్ల ఫైళ్లను, వాటితో టైపు చేయించే కీబోర్డు మేనేజరు సెటప్‌ను ముందే పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. ఈ మాట ఆ కుర్రాడు ముందే చెప్పి ఉంటే మాకు ఆ రోజు మాట పడే పని ఉండేది కాదు.

కోరమంగళ ఇంజినీరు:
అర్హత లేదన్న సందేశం చూసి భయపడవలసిన పని లేదు. రూఫస్ అనే ఉచిత సాధనంతో పెన్‌డ్రైవ్ తయారు చేసేటప్పుడు విండోస్ 11 అడిగే టీపీఎం (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (కంప్యూటరు మొదలయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు) తనిఖీలను తీసేసే ఎంపిక ఉంటుంది. నేను ఆరో తరం ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో అలాగే విండోస్ 11 నడుపుతున్నాను, నెలనెలా ప్యాచ్‌లు కూడా అందుతున్నాయి. పనిచేస్తున్న యంత్రాన్ని చెత్తలో పడేయమనడం నాకు నచ్చదు.

వేళచ్చేరి టెస్టర్:
ఇలాంటి సలహాల వల్లనే మామూలు వాడుకరులు చిక్కుల్లో పడుతున్నారు. అర్హత లేని యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ రాతపూర్వకంగానే చెప్పింది. ఇప్పుడు అందుతున్నాయి కాబట్టి రేపూ అందుతాయనడం ఏం వాదన? విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ వచ్చినప్పుడు పాప్‌కౌంట్ అనే ఆదేశం లేని పాత ప్రాసెసర్లలో విండోస్ అసలు మొదలే కాలేదు.

కోరమంగళ ఇంజినీరు:
ఆ ఆదేశం లేనివి దాదాపు 2008కి ముందరి ప్రాసెసర్లు. నా ఆరో తరానికి దానితో సంబంధమే లేదు. తెలిసిన విషయాన్ని సగం చెప్పి జనాన్ని బెదిరించకండి.

వేళచ్చేరి టెస్టర్:
నేను బెదిరించడం లేదు. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ మీ ల్యాప్‌టాప్‌కు దానంతట అది వస్తోందా, ప్రతిసారీ మీరే చేత్తో ఎక్కించుకుంటున్నారా? రిటర్నులు వేసుకునే గృహిణి ఏటా ఆ పని చేస్తూ కూర్చోవాలా? ఆ ఒక్క ప్రశ్నకు సమాధానం చెప్పండి.

కోరమంగళ ఇంజినీరు:
ఏడాదికి ఒక గంట పని, అంతే. ముప్పై నలభై వేలు పోసి కొత్తది కొనుక్కోవడం కన్నా అది నయం. పైగా ఆవిడ రెండు కంపెనీల పన్ను లెక్కలు చూస్తున్నారు, మీరు అనుకునేంత అమాయకురాలు కారు.

యలహంక సర్వీసు:
మీరిద్దరూ వాదించుకుంటున్నారు కానీ అడిగినాయన ప్రాసెసర్ ఏదో చూడలేదు. ఎనిమిదో తరం ఇంటెల్ అర్హుల జాబితాలోనే ఉంది, దానికి రూఫస్ అవసరమే లేదు. అప్పట్లో విడిభాగాలతో కట్టిన కంప్యూటర్లలో చాలావాటికి బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు సెట్టింగుల్లో, పీటీటీ ఆపేసి ఉంటుంది. ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎంకు ఇంటెల్ పెట్టిన పేరు అది, ఏఎండీలోనైతే ఎఫ్‌టీపీఎం అంటారు. కంప్యూటరు ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కుతూ ఉంటే చాలా బోర్డుల్లో బయోస్ తెరుచుకుంటుంది, అందులో పీటీటీని ఆన్ చేయండి. అయితే సెక్యూర్ బూట్ కోసం తొందరపడి సీఎస్ఎంను (పాత పద్ధతిలో విండోస్ మొదలవడానికి వీలిచ్చే బయోస్ సెట్టింగును) ఆపేయకండి. పాత పద్ధతిలో విండోస్ ఎక్కించి ఉంటే డిస్కు ఎంబీఆర్ అనే పాత తరహా విభజనలో ఉంటుంది, అప్పుడు సీఎస్ఎం ఆపితే విండోస్ మొదలే కాదు. ముందు ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి తీసుకుని, విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ సాధనంతో డిస్కును కొత్త తరహా జీపీటీ విభజనకు మార్చాకే ఆ పని చేయాలి. ఈ వరుస తప్పి, తెర నల్లబడిన పెట్టెలు మా బల్లమీదికి వస్తూనే ఉంటాయి.

ఇందిరానగర్ లైనక్స్:
ఇంత తతంగం ఎందుకు? విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసుకోండి. 4 జీబీ ర్యామ్‌లోనూ హాయిగా నడుస్తుంది, యూనికోడ్ తెలుగు చక్కగా కనిపిస్తుంది.

టి.నగర్ డీటీపీ:
అను కీబోర్డు మేనేజరు మింట్‌లో నడుస్తుందా? నడిస్తే ఎలాగో చెప్పండి, నేనూ మారతాను. జవాబు లేకపోతే దయచేసి వృత్తి మీద బతికేవారికి ఈ సలహా ఇవ్వకండి.

మైలాపూర్ ఆడిటర్:
టోకెన్ గురించి ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతాను. సొంత వ్యాపారస్తులైతే ఓటీపీతో సంతకం చేయవచ్చు, కంపెనీలకు, ఎల్ఎల్‌పీలకు (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థలకు) మాత్రం టోకెన్ తప్పనిసరి. నెలవారీ రిటర్నులైతే అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1కు 11వ తేదీ, పన్ను లెక్క చూపే జీఎస్టీఆర్-3బీకి 20వ తేదీ గడువు. కనుక 20 దాటిన తరువాతే విండోస్ జోలికి వెళ్లండి. మీ టోకెన్ డ్రైవరు కొత్త వెర్షన్‌ను, సంతకం చేయించే ఎమ్‌సైనర్‌ను ముందే దించి పెట్టుకోండి. ఎక్కించాక 10 రోజుల వరకు సెట్టింగ్స్‌లో వెనక్కి వెళ్లే సౌకర్యం ఉంటుంది, కానీ ఖాళీ చోటు కోసం పాత విండోస్ ఫోల్డరును చెరిపేస్తే అదీ పోతుంది. అందుకే మొదటి రోజే టోకెన్ పెట్టి పోర్టల్‌లో సంతకం పడుతోందో లేదో చూసుకోవాలి.

ఇంకొక ముఖ్యమైన విషయం ఉంది. మా దగ్గర పనిచేసే అమ్మాయి ల్యాప్‌టాప్‌కు బయోస్ అప్‌డేట్ చేయగానే నీలి తెర మీద, డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడిగింది. అది గడువు తేదీకి ముందు రోజు. ఆ ల్యాప్‌టాప్ మాకు అమ్మినవారికి ఫోన్ చేస్తే తమకు సంబంధం లేదన్నారు. చివరికి ఆ అమ్మాయి మైక్రోసాఫ్ట్ ఖాతాలో కీ దొరికింది కాబట్టి సరిపోయింది. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉందేమో ముందే చూసుకుని, ఆ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి.

అంబత్తూర్ శ్రీమతి:
నేను మాత్రం ఆగమనే అంటాను. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 1809 వెర్షన్ కొందరి డాక్యుమెంట్స్ ఫోల్డరులోని ఫైళ్లను చెరిపేసింది, మైక్రోసాఫ్ట్ దాని పంపిణీని మధ్యలో ఆపవలసి వచ్చింది. నెలవారీ భద్రతా ప్యాచ్‌లు వెంటనే వేసుకోవాలి, పెద్ద వెర్షన్లకు మాత్రం కొన్ని వారాలు ఆగాలి. పైగా విండోస్ 10లోనే ఉండాలనుకునేవారికి ఈఎస్‌యూ (పొడిగించిన భద్రతా అప్‌డేట్ల) పథకం కింద 2026 అక్టోబరు 13 వరకు భద్రతా ప్యాచ్‌లు ఇస్తున్నారు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్‌ను సింక్ చేస్తే డబ్బు కట్టనవసరం లేదు, వద్దనుకుంటే 30 డాలర్లు. ఈ సంగతి చెప్పకుండా మద్దతు మొత్తం ఆగిపోయిందని హడలగొట్టడం ఏం న్యాయం?

వేళచ్చేరి టెస్టర్:
ఈఎస్‌యూ ఉన్న మాట నిజమే. అయితే అందులో ఎవరికివారు చేరాలి, చేరనివారికి ఏమీ రాదు. నేను చెప్పింది వారి గురించే.

మల్లేశ్వరం అనువాదకుడు:
యలహంక సర్వీసు గారు చెప్పినట్టే మా బోర్డులో పీటీటీ ఆపేసి ఉంది. దాన్ని ఆన్ చేసి, ఫైళ్లు బయటి డిస్కులోకి తీసుకుని, ఎంబీఆర్2జీపీటీ నడిపి, సీఎస్ఎం ఆపి, ఆ తరువాత చూస్తే అర్హత ఉందనే చూపిస్తోంది. 3బీ దాఖలయ్యే దాకా ఈఎస్‌యూలో చేరి విండోస్ 10లోనే ఉంటాం, ఆ తరువాత డిస్కు తుడవకుండా పైనుంచే 11కు మారతాం. అను ఫాంట్లు, టోకెన్ డ్రైవరు పెన్‌డ్రైవ్‌లోకి చేరాయి. మా దగ్గర ఒక పాత లేజర్ ప్రింటరు కూడా ఉంది, దానితో వచ్చిన సీడీలో 32-బిట్ డ్రైవరు మాత్రమే ఉంది. అది 11లో పనిచేస్తుందా?

యలహంక సర్వీసు:
ఆ సీడీ పనికిరాదండీ, విండోస్ 11 కేవలం 64-బిట్‌లోనే వస్తుంది. తయారీదారు సైటులో మీ మోడలుకు విండోస్ 10 కోసం ఇచ్చిన 64-బిట్ డ్రైవరు దొరికితే అది చాలావరకు 11లోనూ పనిచేస్తుంది. అది కూడా 20వ తేదీకి ముందే దించి పెట్టుకోండి.