సామాజిక అభివృద్ధి పేరుతో కళా సంస్థలకు నిధులు ఇవ్వడం సబబేనా?

లెక్కల మాస్టారు:
వెనిజులాలో హోసే ఆంటోనియో అబ్రూ 1975లో ప్రారంభించిన "ఎల్ సిస్తెమా" సంగీత సంస్థను ఇక్కడ చాలామంది ఆకాశానికెత్తుతున్నారు కనుక ఈ చర్చ మొదలుపెడుతున్నాను. పేద పిల్లల చేతికి వయొలిన్ ఇస్తే వారి బతుకు మారుతుందన్నది ఆ సంస్థ వాదన. ఆ వాదనను నమ్మి ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు 2007లో 15 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. తర్వాత అదే బ్యాంకు పరిశోధకులు 16 కేంద్రాలలో 2,914 మంది పిల్లలను లాటరీ పద్ధతిలో వెంటనే చేర్చుకునేవారు, ఏడాది ఆగవలసినవారు అని రెండు జట్లుగా చేసి పరిశీలించారు. ఆత్మనిగ్రహం కొంత పెరిగిందనీ, ప్రవర్తనలో చిక్కులు కొంత తగ్గాయనీ తేలింది గాని, పిల్లలందరినీ కలిపి చూస్తే మేధాశక్తిలోనూ, తోటివారితో మెలగడంలోనూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అసలు అంకె మరొకటి ఉంది: ఆ కేంద్రాలున్న రాష్ట్రాలలో పేదరికం 46.5 శాతం కాగా, చేరిన పిల్లలలో పేదలు 16.7 శాతమే. పేదల పేరు చెప్పి తెచ్చిన సొమ్ము మరి ఎవరి పిల్లలకు చేరినట్టు?

తంబురా:
మాస్టారూ, మీరు చెప్పిన పరిశీలన ఒక్క ఏడాదికి సంబంధించినది. సంగీతంలో ఏడాది అంటే సరళీ స్వరాలు, జంట వరుసలు దాటి గీతాల దగ్గర తడబడే దశ. పైగా, తల్లులు అంతగా చదువుకోని కుటుంబాల మగపిల్లలలో, ముఖ్యంగా హింసను దగ్గరగా చూసినవారిలో, మార్పు మరింత స్పష్టంగా ఉందని అదే పరిశీలన చెబుతోంది. ఆ వాక్యాన్ని మీరు దాటేశారు. మన దగ్గరి ఉదాహరణే కావాలంటే 1990లో నెల్లూరు జిల్లాలో మొదలైన అక్షరాస్యతా ఉద్యమాన్ని చూడండి. కళాజాతాలు ఊరూరా తిరిగి పాటలతో, వీధి నాటకాలతో జనాన్ని రాత్రి బడులకు రప్పించాయి. ఆ బడులలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లే సారా మీద తిరగబడ్డారు, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. దీనిని ఏ అంకెతో కొలుస్తారు?

లెక్కల మాస్టారు:
నెల్లూరును ఈ చర్చలోకి తేవడం సరికాదు. అది జిల్లా యంత్రాంగం నడిపిన ప్రభుత్వ కార్యక్రమం, కళా సంస్థ కాదు. నిషేధం తెచ్చింది సారా వేలంపాటలను అడ్డుకున్న ఆడవాళ్లు, డప్పు కొట్టినవారు కాదు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లోనే ఎత్తివేశారన్న సంగతి కూడా చెప్పి ఉంటే బాగుండేది.

తంబురా:
సంస్థ అంటే మీ దృష్టిలో ఏమిటి? రిజిస్ట్రేషన్ నంబరా?

లెక్కల మాస్టారు:
అవును, రిజిస్ట్రేషన్ నంబరే. నిధులు వచ్చేది ఆ నంబరుకే, ఆడిట్ జరిగేదీ ఆ నంబరుకే.

ఉదయగిరి వనజ:
మా అమ్మ ఆ రాత్రి బడిలోనే చదువుకుంది. సారా మీద తిరగబడిన మా జిల్లా దూబగుంట ఆడవాళ్ల కథ రాత్రి బడి వాచకంలో పాఠంగా వచ్చిన మాట నిజమే, అది చదివి ఎన్నో ఊళ్లు కదిలిన మాటా నిజమే. కాని మా ఊరికి పుస్తకం కన్నా ముందు వచ్చింది పెట్రోమాక్స్ లైటు వెలుతురులో ఆడిన నాటకం. అందులో తాగుబోతు వేషం వేసినవాడు మా వీధివాడే కావడంతో, అతని భార్య జనం మధ్యలోంచి లేచి "ఇంట్లోనూ రోజూ ఇదే వేషం" అని అరిచిందని అమ్మ ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. ఆ నంబరు సంగతి మాత్రం మా ఊళ్లో ఎవరూ అడగలేదు మాస్టారూ.

గజ్జెలు:
పద్నాలుగేళ్లు బుర్రకథ దళంలో రాజకీయ వంతగా పనిచేసినవాడిని కనుక నా సంగతి కూడా చెబుతాను. తెలియనివారి కోసం ఒక మాట: కథకుడికి రెండు పక్కలా గుమ్మెటలతో నిలబడే ఇద్దరిలో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం, అంటే కథను మధ్యలో ఆపి ఊరి సంగతి ఎత్తడం. షేక్ నాజర్ గారి కాలంలో, ప్రజానాట్యమండలి రోజుల్లో, బుర్రకథకు అంత బలం వచ్చింది ఈ వంత వల్లనే అని నా నమ్మకం. పదేళ్ల కిందట ఒక సంస్థ మరుగుదొడ్ల ప్రచారానికి మా దళాన్ని కుదుర్చుకుంది. కథ వారే రాసి ఇచ్చారు. అందులో నాకు "తందాన తాన" అనడం తప్ప వేరే పని లేదు. మూడో ఊళ్లో ఆడుతుండగా, పక్కనే ఎండిపోయిన కుళాయి ముందు బిందెలు వరుసగా పెట్టి ఉండటం కనబడింది. ఉండబట్టలేక "దొడ్డి అయితే కట్టారు బాబూ, పోయడానికి చెంబెడు నీళ్లేవీ?" అన్నాను. జనం చాలాసేపు నవ్వారు, ఈలలు వేశారు, ఒక ముసలాయన లేచి వచ్చి నా జేబులో పది రూపాయల నోటు పెట్టాడు. ఆ రాత్రే సంస్థ మనిషి వచ్చి, కాగితంలో లేని మాట అన్నందుకు ఆ ప్రదర్శన డబ్బు ఇవ్వడం కుదరదన్నాడు. తర్వాతి ఊరి నుంచి హాస్యం వంత ఒక్కడితోనే కథ నడిపించారు. వారి నివేదికలో మాత్రం ఆ ఊళ్లన్నీ "విజయవంతం" అనే ఉండి ఉంటాయి.

లెక్కల మాస్టారు:
మీ బాధ అర్థమైంది. అయినా ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి: రాసిచ్చిన కథే ఆడతామని ఒప్పందం మీద మీరు సంతకం చేశారా, లేదా?

గజ్జెలు:
చేశాను. ఆ నెల మా ఇంటికి బియ్యం ఆ సంతకంతోనే రావాలి కనుక చేశాను. ఒకటో తారీఖున జీతం తెచ్చుకునేవారికి ఈ సంగతి చెప్పినా ఎక్కదు లెండి.

నిర్వాహకులు:
ఒకరి ఉద్యోగం, సంపాదన జోలికి మరొకరు వెళ్లకుండా విషయం మీద మాట్లాడవలసిందిగా మనవి.

హుగ్లీ తీరం:
ఇద్దరూ ఒకే ముడి దగ్గర తిరుగుతున్నారని నాకు అనిపిస్తోంది. కథకు ముగింపు ఎవరు రాయాలి అన్నదే ఆ ముడి. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోవాల్ 1973లో పెరూ దేశపు అక్షరాస్యతా కార్యక్రమంలో పనిచేస్తున్నప్పుడు జరిగిన సంగతి ఆయనే చెప్పుకున్నారు. చదువురాని ఒక ఇల్లాలికి భర్త కొన్ని కాగితాలు దాచమని ఇచ్చాడు. చదివించుకుంటే అవి అతని ప్రియురాలి ఉత్తరాలని తేలింది. ఆ రాత్రి భర్త ఇంటికి వస్తే ఆమె ఏం చేయాలి? చూసేవారు చెప్పిన సలహాలన్నీ నటులు ఆడి చూపించారు గాని, "గట్టిగా మాట్లాడి, తర్వాత క్షమించాలి" అన్న ఒకావిడకు మాత్రం వారు ఎన్నిసార్లు ఆడినా తృప్తి కలగలేదు. చివరికి ఆవిడనే వేదిక ఎక్కమంటే, చీపురు అందుకుని భర్త వేషగాడిని చితకబాదింది. ఆవిడ ఉద్దేశంలో "గట్టిగా మాట్లాడటం" అంటే అదన్నమాట. ప్రేక్షకుడే లేచి ముగింపు మార్చే ఫోరం థియేటర్ అక్కడ పుట్టింది. ఇక్కడ బెంగాల్‌లో సంజయ్ గంగూలీ 1985లో మొదలుపెట్టిన "జన సంస్కృతి" ఆ పద్ధతినే పల్లెలకు తెచ్చింది, నటులు ఆ పల్లెలవాళ్లే. అక్కడ ముగింపు ముందుగా రాసి ఉండదు కనుక, గజ్జెలు గారి నీళ్ల ప్రశ్నకు డబ్బు కోయడమన్న మాటే రాదు.

తంబురా:
వినడానికి బాగుంది గాని, అలా ఊరివాళ్లకే వదిలేసిన చోట ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. కెన్యాలోని కామిరీతు గ్రామంలో రైతులు, కూలీలు తమ చేతులతో ఆరుబయలు రంగస్థలం కట్టుకుని, రచయిత ఎంగూగీ వా థియాంగో వంటివారితో కలిసి 1977లో తమ గికుయు భాషలో నాటకం ఆడారు. కొద్ది వారాలకే నాటకాన్ని నిషేధించారు, ఎంగూగీని ఏడాదిపాటు విచారణ లేకుండా జైల్లో ఉంచారు, 1982లో ఆ రంగస్థలాన్నే నేలమట్టం చేశారు. ఎల్ సిస్తెమా ఎన్ని ప్రభుత్వాలు మారినా నిలిచింది. నిలవాలంటే కొంత సర్దుకోక తప్పదు. ఒక ఊళ్లో ఒక మాట మింగినందువల్ల పది ఊళ్లలో పిల్లలకు పాట దక్కితే అది తప్పని నేను అనలేను.

గజ్జెలు:
ఇంతసేపూ మీరు నా పక్షమనుకున్నాను తంబురా గారూ. మింగవలసిన మాట ఏదో నిర్ణయించేది ఎప్పుడూ మేం కాదు కదా.

లెక్కల మాస్టారు:
సర్దుకున్నంత మాత్రాన బతికిపోతారనీ లేదు. 2017లో వెనిజులాలో జరిగిన ప్రభుత్వ వ్యతిరేక నిరసనలలో ఎల్ సిస్తెమాలోనే సంగీతం నేర్చుకున్న ఒక యువ వయోలా కళాకారుడు చనిపోయాక, ఆ సంస్థ పెంచిన ప్రపంచ ప్రసిద్ధ సంచాలకుడు గుస్తావో దుదామెల్ ప్రభుత్వాన్ని బాహాటంగా విమర్శించారు. ఆ కొద్ది నెలల్లోనే ఆయన నడిపించవలసిన జాతీయ యువ వాద్యబృందం అమెరికా పర్యటన రద్దయింది.

ఇక నా సంగతి. నేను బడి పంతులును కాను. ఆ పేరు స్నేహితులు పెట్టింది. తొమ్మిదేళ్లు ఒక స్వచ్ఛంద సంస్థలో లెక్కలు రాశాను. నలభై ఊళ్లలో వీధి నాటకాలు ఆడినట్టు బిల్లులు వచ్చేవి. ఒకసారి ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే అయిదు ఊళ్లలో అదే వేపచెట్టు, దాని కింద అదే ఎర్ర గౌను పాప. అడిగినందుకు నన్ను వేరే విభాగానికి మార్చారు. అందుకే కాగితం అడుగుతాను, సంతకం అడుగుతాను. కాగితం లేకపోతే ఆ వేపచెట్టే మిగులుతుంది. గజ్జెలు గారి ప్రశ్న తప్పని నేను అనలేదు, దానికి డబ్బు ఎవరు ఇవ్వాలన్నదే అడుగుతున్నాను. సంస్థ మాత్రం ఇవ్వదు, ఇచ్చేది ఆ ఊరే కావాలి.

గజ్జెలు:
నీళ్లే లేని ఊరు నాకేం ఇస్తుంది మాస్టారూ? ఆ పది రూపాయలే. నిధి ఇచ్చేవారు ప్రదర్శనకు డబ్బు ఇవ్వాలి, మాటకు కాదు. ఆడామో లేదో మీరు వేపచెట్టు సాక్షిగా లెక్క చూసుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఏం ఆడామన్నది మాత్రం మాకూ, మా ముందు కూర్చున్నవారికీ వదిలేయండి.

లెక్కల మాస్టారు:
ప్రజల సొమ్ము అలా ఇవ్వడానికి నేను ఒప్పుకోను.

ఉదయగిరి వనజ:
గజ్జెలు అన్నా, ఇంతకీ ఆ ఊరికి నీళ్లు వచ్చాయా?

గజ్జెలు:
రెండేళ్ల తర్వాత ట్యాంకు కట్టారమ్మా. మా కథ వల్లనే కట్టారని నేను చెప్పను, చెప్పినా మాస్టారు రసీదు అడుగుతారు.